కల్వర్టు పక్క కేసెట్టు

ఒకే పాటని రెండుసార్లు ఒకేలా వాయించలేకపోవడం మా సిలార్ మాస్టారికి ఉన్న జబ్బు. జబ్బని నేను అనలేదు, ప్రభుత్వం అంది. మేమైతే దాన్నే సంగీతం అనుకుని చాలా ఏళ్లు సుఖంగా బతికాం.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. సిలార్ మాస్టారిది గుల్‌బహార్ బ్యాండు. ఆయనది క్లారినెట్టు, ఆయన మేనల్లుడు సైదులుది డోలు, మిగతావాళ్లవి బాకాలు. మగపెళ్లివారు విడిది నుంచి కదిలి పందిరి చేరేలోగా జరిగే ఎదురుకోలుకి వాళ్లు ఒకే ఒక్క పాట వాయిస్తారు. దానికి పేరు లేదు, మేం కూడా ఎదురుకోలు అనే అంటాం. ఎత్తుకోవడం ఎప్పుడూ ఒకేలా ఎత్తుకుంటారు. తర్వాత అది ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో పైవాడికి కూడా తెలీదు. ఆ బ్యాండుకి తాతలనాటి కట్టుబాటు ఒకటుంది: పెళ్లికొడుకు కారు దిగేదాకా క్లారినెట్టు పెదవి దిగకూడదు. పెళ్లికొడుకు ఎప్పుడు దిగుతాడన్నది మేనమామలూ, పురోహితుడూ, పానకం బిందే కలిసి తేల్చే విషయం.

ఆ పాట పిచ్చి పట్టినవాళ్లం మా చుట్టుపక్కల కొంతమందిమి ఉన్నాం. టేపు రికార్డరు చంకన పెట్టుకుని పిలవని పెళ్లిళ్లకి వెళ్తాం. మమ్మల్ని శుభలేఖ అడిగినవాడు లేడు. మగపెళ్లివారు మేం ఆడపెళ్లివారి తాలూకనీ, ఆడపెళ్లివారు మేం మగపెళ్లివారి తాలూకనీ అనుకుని రెండువైపులా మర్యాద చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం నా విత్తనాల కొట్లో చేరి, ఏ పెళ్లిలో ఎదురుకోలు గొప్పగా వచ్చిందో కేసెట్లు పెట్టుకుని కొట్లాడుకుంటాం. ఒక పెళ్లికి ఒక కేసెట్టు చాలదు. కారు పక్క నిలబడి పట్టింది ఒకటి, పానకం పక్క నిలబడి పట్టింది ఒకటి. రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

మాలో రెండు పార్టీలు. చెరుకుపల్లి పార్టీకి పెద్ద వీరరాఘవయ్య గారు, రైసుమిల్లు ఆసామి. చెరుకుపల్లి పెళ్లిలో ఏం జరిగిందంటే, పెళ్లికొడుకు మేనమామ తాతారావు గారి దగ్గరికి వచ్చేసరికి పానకం బిందె అడుగంటింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. కండువా దులిపి, దారి పక్క కల్వర్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్నారు. మేనమామ లేవందే పెళ్లికొడుకు దిగడు. పెళ్లికొడుకు దిగందే క్లారినెట్టు ఆగదు. బెల్లం కొట్టి, మిరియాలు దంచి, కొత్త పానకం తెచ్చేదాకా సిలార్ మాస్టారు ఆ కల్వర్టు ముందు నిలబడి ఆయన్ని క్లారినెట్టుతో బతిమాలారు. మొదట నవ్వించబోయారు. తర్వాత తప్పు ఒప్పుకున్నారు. ఏమయ్యా ఇంత పెద్దమనిషివి, అని మధ్యలో కాస్త కోప్పడ్డారు కూడా. చివరికి తాతారావు గారు గట్టిగా ముక్కు చీది, కళ్లొత్తుకుని లేచారు. ఆ కల్వర్టుకి ఆనుకుని నిలబడి కేసెట్టు పట్టింది వీరరాఘవయ్య గారు ఒక్కరే.

నాది కొల్లూరు పార్టీ. కొల్లూరు పెళ్లిలో వాన. డోలు తడిసి తుస్సుమంటే సైదులు దాన్ని పక్కన పడేసి పెళ్లికొడుకు కారు బానెట్టు మీద వేళ్లతో వాయించాడు. గొడుగుల మీద చినుకులు, రేకు మీద వేళ్లు, మధ్యలో క్లారినెట్టు. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?

"వానలో నీకేం వినపడిందయ్యా, బూరెలు వేగినట్టు చప్పుడు తప్ప?" అనేవారు వీరరాఘవయ్య గారు.

"మీ దాంట్లో సగం తాతారావు గారి ముక్కు చీదుడే గదండీ," అనేవాణ్ణి నేను.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఒకరోజు బస్టాండు హోటల్లో మావాడొకడు ఆవేశపడి చెరుకుపల్లి టేపు రికార్డరులో సాంబారు పోశాడు. ఆ మర్నాడే బస్సు షెల్టరు ప్రారంభించడానికి వచ్చిన నాయకుడి చెవిన ఈ సంగతి పడింది. "ఏది గొప్పదో తేల్చకుండా ప్రజల్ని గాలికి వదిలేసే ప్రభుత్వం కాదిది!" అని మైకులో గర్జించారాయన. జనం చప్పట్లు కొట్టారు. మనదేశంలో చప్పట్లు పడిన మాట శాఖ అయి తీరుతుంది.

ప్రత్యక్ష వాద్య ప్రామాణీకరణ మండలి అలా పుట్టింది. ఎదురుకోలు రోడ్డు మీద జరుగుతుంది కాబట్టి అందులో రోడ్ల శాఖలో రిటైరైన ఇంజనీరు ఒకరు, పానకం ఉంది కాబట్టి పౌష్టికాహార నిపుణురాలు ఒకరు, తగాదా ఉంది కాబట్టి మాజీ జడ్జి ఒకరు. సంగీతం తెలిసినవాళ్లని వేస్తే పక్షపాతం వస్తుందని వేయలేదు. వీళ్లందరి మీద ప్రత్యేకాధికారి అనంత సూర్యప్రకాశం గారు. మనిషి నిఖార్సయినవాడు, నిష్ఠాపరుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కాస్త వంకర మనిషైతే చెయ్యి తడిపి పంపేవాళ్లం.

మండలి వారు చల్లగది తలుపులు వేసుకుని మా కేసెట్లన్నీ విన్నారు. ఒక్క పెళ్లికి కూడా వెళ్లలేదు, తినేచోట తీర్పు చెప్పకూడదని. తర్వాత మండలాఫీసు ఆవరణలో సభ పెట్టి సూర్యప్రకాశం గారు ఉత్తర్వు చదివారు.

"చెరుకుపల్లి ఎదురుకోలు, కల్వర్టు పార్శ్వపు ధ్వనిముద్రణ, సర్వోత్తమమని మండలి ఏకగ్రీవముగా నిర్ధారించినది. ఉత్తమమేదో తేలిన పిమ్మట అంతకన్న తక్కువరకపు సంగీతమును ప్రజలకు సరఫరా చేయుట ప్రజాహితమునకు విరుద్ధము. కావున ఇకమీదట జిల్లాలో ప్రతి ఎదురుకోలునందును సదరు చెరుకుపల్లి ఎదురుకోలునే హెచ్చుతగ్గులు లేకుండ వాయించవలెను."

వీరరాఘవయ్య గారు సభలోనే లడ్లు పంచారు. నాకు రెండు ఇచ్చి నా మొహం చూసి ఆనందించారు. తనది సగం తిన్నాక ఆయన నమలడం ఆగింది.

"అయితే అబ్బాయ్, రేపటినించీ ఏ పెళ్లికి పోయినా ఇదే వాయిస్తారా?"

"ఇదేనండి."

"మరి టేపు రికార్డరు పట్టుకుపోవడం ఎందుకు?"

మిగతా సగం లడ్డు ఆయన జేబులో పెట్టుకున్నారు.

సిలార్ మాస్టారికి పిలుపొచ్చింది. నేను తోడు వెళ్లాను.

"మీరు వాయించినదే మరల వాయించుమనుచున్నాము. ఇందులో కష్టమేమి?" అన్నారు సూర్యప్రకాశం గారు.

"నేనేం వాయించానో నాకు యాడ గుర్తుంటదయ్యా? ఆ పూట ఆయన అలిగాడు, నేను బతిమాలాను. అంతే."

"గుర్తులేని పక్షమున ఈ కేసెట్టు విని అభ్యసించండి."

మాస్టారు తను వాయించిందే ఇంటికి తీసుకెళ్లి, తనని తను అభ్యాసం చేశారు. పరీక్షలో తప్పారు. "మీరు సిలార్‌కు మిక్కిలి దగ్గరగా ఉన్నారు, కాని సిలార్ కారు," అని రాసిచ్చారు. అదే పరీక్షలో, జన్మలో ఎదురుకోలు చూడని ఒక మైకుసెట్టు ఆసామి కేసెట్టు వినే క్లారినెట్టు నేర్చుకుని నెగ్గాడు. తాతారావు గారి ముక్కు చీదుడు కూడా క్లారినెట్టు మీద పలికించాడట. జిల్లాలో పెళ్లిళ్లన్నీ ఆ ఆసామికి వెళ్లిపోయాయి. గుల్‌బహార్ బ్యాండు బట్టలు పెట్టెలోకి పోయాయి. సైదులు డోలు అటకెక్కించి నా కొట్లో బస్తాలు ఎత్తడానికి వచ్చాడు. బస్తా మీద వాడి వేళ్లు ఊరికే ఉండేవి కావు. చూడలేక నేను బజార్లోకి వెళ్లిపోయేవాణ్ణి.

నిబంధనల్లో తుది అవకాశం అని ఒకటుంది. నిజం పెళ్లిలో పరీక్ష. అందులోనూ తప్పితే ఆ బ్యాండు ఇక జిల్లాలో ఏ పెళ్లికీ వాయించకూడదు. దాని గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడు మాస్టారు నోరు జారారు.

"బతిమాలాలంటే ఎదురుగా ఎవురో ఒకళ్లు అలగాలి గదయ్యా. గోడని బతిమాలమంటే ఎట్టా?"

సూర్యప్రకాశం గారు కలం పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించారు. "అనగా లోపము క్లారినెట్టునందు గాక అలకయందు కలదు," అన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది.

వారం తిరక్కుండా తాతారావు గారు ప్రామాణిక అలకాధికారి అయ్యారు. మీసాల మనిషి, మెత్తని మనిషి, పెసర చేను తప్ప ప్రపంచం ఎరగని మనిషి. ఆయనకి జీపు ఇచ్చారు. ఏ పెళ్లి జరిగినా వెళ్లి మేనమామ స్థానంలో అలగాలి. ప్రతి వీధిలోనూ కల్వర్టు ఉండదు కాబట్టి రోడ్ల ఇంజనీరు గారు సిమెంటు గొట్టం ఒకటి లారీ మీద వెంట పంపేవారు.

కానీ వచ్చింది ఆఫీసరని తెలిశాక ఏ ఆడపెళ్లివారు ఊరుకుంటారు? మొదటి పానకం ఆయనకే, పైన జీడిపప్పు చల్లి. ఇవ్వకూడదని మండలి ఉత్తర్వు వేస్తే సోడాసీసాలో పోసి గొట్టం వెనక నుంచి అందించేవారు. ఆయన మీసాలకంటిన పానకం తుడుచుకుంటూ అలిగేవారు. ఒకరోజు జీపు ఆపి మా కొట్లో మంచినీళ్లు తాగుతూ తన బాధ చెప్పుకున్నారు.

"అలగాలంటే లోపల కాస్తన్నా నొప్పుండాలి గదయ్యా. ఈ ఉజ్జోగం వచ్చినకాణ్ణించీ నాకేం నొప్పుంది? ఆఖరికి మా ఆవిడ గూడా మర్యాదగా మాట్లాడతంది."

ఇలా ఉండగా నాకు సంబంధం కుదిరింది. పిల్ల ఎవరో కాదు, వీరరాఘవయ్య గారి అమ్మాయి శేషకుమారి. రెండు పార్టీలూ వియ్యమందితే సాంబారు గొడవలుండవని పెద్దల ఆలోచన. పెళ్లిచూపుల్లో మా ఇద్దర్నీ వరండాలో మాట్లాడుకోమని వదిలారు.

"మీరు కొల్లూరంటగా," అంది.

"మీరు చెరుకుపల్లా?"

"ఏదీ కాదు. మా నాన్న ఆ కేసెట్టు పెట్టినప్పుడల్లా నాకొకటే అనిపిస్తది. అది ఆళ్ల పెళ్లి. ఆళ్ల మేనమామ, ఆళ్ల పానకం. మన పెళ్లికి అదెందుకు? ఎవురో కట్టి విడిచిన చీర కట్టుకోమన్నట్టు."

"మరి రూలుందిగా?"

"రూలు సంగతి నాకు తెలవదు. సిలార్ మాస్టారు మనకోసం వాయించకపోతే నేను పందిట్లోకి రాను. అలిగే హక్కు మేనమామలకే రాసిచ్చారా ఏంది?"

అప్పటిదాకా పెద్దలు కుదిర్చిన సంబంధం అనుకుంటున్న నేను, ఆ మాటతో ఈ పిల్లని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని మనసులో ఒట్టేసుకున్నాను. ఇన్నేళ్లు కేసెట్లు వింటున్నాను గానీ నాకు ఆ మాట తట్టలేదు.

బ్యాండు మాట్లాడటానికి వెళ్లి శేషకుమారి మాట చెప్తే మాస్టారు నన్ను మంచం మీద కూర్చోబెట్టారు.

"నీ పెళ్లికే బాబూ నాకు ఆఖరి పరీచ్ఛ వేశారు. చెరుకుపల్లి వాయించానా, నా బ్యాండు నిలబడుద్ది, నీ పెళ్లి ఆగుద్ది. మీకోసం వాయించానా, నీ పెళ్లవుద్ది, నా బ్యాండు ఆగుద్ది. నువ్వే చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల సైదులు పెళ్లాం బియ్యం ఏరుతూ వింటోంది.

"చెరుకుపల్లే వాయించండి మాస్టారూ. శేషకుమారిని నేను బతిమాలుకుంటాను."

"నీకు క్లారినెట్టు రాదు గదయ్యా," అన్నారాయన జాలిగా.

పెళ్లి దగ్గర పడింది. తుది పరీక్ష కాబట్టి సూర్యప్రకాశం గారు ఏర్పాట్లు కట్టుదిట్టం చేశారు. ఇదివరకు పరీక్షాధికారి ఒక చెవికి గొట్టం తగిలించుకుని చెరుకుపల్లి కేసెట్టు వింటూ, రెండో చెవితో ఎదురుగా ఉన్న వాయిద్యాన్ని విని పోల్చేవాడు. "ఒంటి చెవిని నమ్మి తీర్పు చెప్పుట శాస్త్రీయము కాదు," అని ఆయన మండలిలో వాదించి రెండు చెవులకీ పట్టే విదేశీ పరికరం తెప్పించారు. దొన్నెలంత దొన్నెలు రెండు, లోపల మెత్తలు. పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు. "బయటి శబ్దముల వలన నిర్ణయము చెడు ప్రమాదము ఇకపై లేదు," అని మాకు గర్వంగా చూపించారు. మేం కూడా మెచ్చుకున్నాం. అందులో ఏదో తిరకాసు ఉందని ఆ క్షణాన మాలో ఒక్కరికీ తట్టలేదు, ఆయనకి ఎటూ తట్టలేదు.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక విడిది నుంచి బయల్దేరాం. నేను పూలకారులో. మా సొంత మేనమామకి ఆ పూట సెలవు మంజూరైంది, ఆయన స్థానంలో తాతారావు గారు జీపులో. వెనక లారీ మీద గొట్టం. దాని వెనక, ఖాళీ అని ధ్రువీకరించి లక్క సీలు వేసిన పానకం బిందె. మా పార్టీవాళ్లూ ఆ పార్టీవాళ్లూ టేపు రికార్డర్లు లేకుండా చేతులూపుకుంటూ వచ్చారు. తెలిసిన పాటేగా అని.

పందిరికి కాస్త ఇవతల గొట్టం దింపారు. తాతారావు గారు వెళ్లి దానిమీద కూర్చుని అలిగారు. సూర్యప్రకాశం గారు చెరుకుపల్లి పెళ్లిలో ఆయన అలిగినప్పటి ఫోటో జేబులోంచి తీసి, ఫోటోనీ ఆయన్నీ మార్చి మార్చి చూశారు. తల అడ్డంగా ఊపి మైకు అందుకున్నారు.

"శ్రీ తాతారావు గారి అలక తాతారావు గారి ప్రమాణమునకు తగినట్లు లేదు. వీపునందు సంతోషము కనబడుచున్నది. కావున వారిని తప్పించి, సదరు స్థానమునందు శిక్షణ పొందిన ఉప అలకాధికారిని నియమించడమైనది."

జీపులోంచి సన్నగా ఉన్న ఉద్యోగి ఒకడు దిగి వచ్చి, గొట్టం మీద ఫోటోలో ఉన్నట్టే, వీపు అదే కోణంలో ఉంచి కూర్చున్నాడు. నిజంగా అచ్చు దించాడు.

తాతారావు గారు లేచి నిలబడ్డారు. ఆయన మీసాలు అదిరాయి.

"నా అలక నాది గాదంటావా?" అన్నారు. కండువా దులిపి, గబగబా వచ్చి, నా కారు తలుపు తీసి, నా పక్కన కూర్చుని అద్దాలన్నీ పైకెత్తేశారు. "ఈ పెళ్లి జరగదు. నేను దిగను, నిన్ను దిగనివ్వను," అని నాకేసి చూడకుండా చెప్పారు. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఇదేదీ సూర్యప్రకాశం గారికి పట్టలేదు. పరీక్ష మొదలైతే ఆయన శాఖ వినికిడే, చూపు ఇంకో శాఖ కిందికి వస్తుంది. ఆయన దొన్నెలు చెవులకి తగిలించుకుని, కేసెట్టు నొక్కి, చెయ్యెత్తి, కళ్లు మూసుకున్నారు.

సిలార్ మాస్టారు తలొంచుకుని చెరుకుపల్లి ఎత్తుకున్నారు. అద్దాల్లోంచి సన్నగా వినపడుతోంది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, గొట్టం మీది ఉద్యోగి వీపుకి ఎదురుగా నిలబడి, అక్కడక్కడ తడుముకుంటూ వాయిస్తున్నారు. పందిరి దగ్గర ఆడవాళ్లలో కలకలం. పెళ్లికూతురు గదిలోంచి కదలనంటోందని సైగలు. మాస్టారి బ్యాండు నిలబడాలి, శేషకుమారి రావాలి. రెండూ కావాలంటే ఎలా?

అప్పుడు మాస్టారు తలెత్తి కారు వైపు చూశారు. అద్దం వెనక తాతారావు గారి మొహం చూశారు. అదుగో, అలాంటి మొహం చెరుకుపల్లిలో చూశారాయన, మళ్లీ ఇప్పుడే. క్లారినెట్టు ఆగలేదు గానీ దారి మళ్లింది. ఉద్యోగి వీపుని వదిలేసి వాయిస్తూనే కారు దగ్గరికి నడిచొచ్చారు. వెనక సైదులు డోలు భుజాన వెనక్కి తోసి, నా కారు బానెట్టు మీద వేళ్లు పెట్టాడు.

బతిమాలతారనుకున్నాను. బతిమాలలేదు. మాస్టారు కూడా అలిగారు. నువ్వు నువ్వు కాదన్నారా? నన్ను కూడా నేను కానన్నారు. నీ వీపు బాగోలేదన్నారా? నా ఊపిరే బాగోలేదన్నారు. పెట్టెలోకి పోయిన బట్టల గురించీ, అటకెక్కిన డోలు గురించీ, తన పాట తను నేర్చుకోలేక కూర్చున్న మధ్యాహ్నాల గురించీ అంతా చెప్పారు. అలకలో ఇంత అందం ఉంటుందని నాకు ఆరోజు తెలిసింది. వింటుంటే నాకు ఏడుపు ఆగలేదు, పెళ్లికొడుకునని కూడా చూసుకోలేదు.

తాతారావు గారు కాసేపు బిగుసుకుని కూర్చున్నారు. తర్వాత అద్దం కొంచెం దించారు. తర్వాత పూర్తిగా దించారు. ఆఖరికి తలుపు తీసుకుని దిగిపోయి మాస్టారి భుజం పట్టుకున్నారు.

"ఊరుకో మాస్టారూ, ఊరుకో. పెద్దోడివి, నువ్వు గూడా అట్టా అయితే ఎట్టా? ఊరుకో నాయనా..."

అలిగినవాడే బతిమాలుతుంటే క్లారినెట్టు చిన్నగా నవ్వింది. నవ్వి, ఇక గాల్లోకి లేచింది. పందిట్లోంచి శేషకుమారి బాసికంతో సహా బయటికి వచ్చి నిలబడింది. ఎవరూ ఆమెని ఆపలేదు, వాళ్లూ వింటున్నారు. వీరరాఘవయ్య గారు తల బాదుకుంటున్నారు: "టేపు రికార్డరు! ఎవురన్నా టేపు రికార్డరు తెచ్చారంట్రా!"

నేను ఇంకా కారు దిగలేదు. దిగితే పాట ఆగిపోతుంది. అందరూ దిగమని సైగలు చేస్తున్నారు. శేషకుమారి ఒక్కతే అప్పుడే వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

అంతలో మైకు గురగురమంది. గొట్టం పక్కన సూర్యప్రకాశం గారు కళ్లు తెరిచి, చెవుల దొన్నెలు తీసి మెడలో వేసుకున్నారు. చెరుకుపల్లి కేసెట్టు అయిపోయింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఒక్క మాస్టారు తప్ప, ఆయన వాయిస్తూనే ఉన్నారు.

"మొదటినుండి చివరివరకు శ్రద్ధగా వింటిని," అన్నారు సూర్యప్రకాశం గారు. "అక్షరాలా సరిపోయినది. ఆఖరికి ఆ ముక్కు చీదుట సైతము! ఇంతటి సంపూర్ణ సాదృశ్యము నా ఉద్యోగ జీవితమునందు వినలేదు. శ్రీ సిలార్ గారు సిలార్ గారేనని మండలి పక్షమున ధ్రువీకరించుచున్నాను."

ఊరంతా నోళ్లు తెరుచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు శేషకుమారి నవ్వింది.

"మరి అయ్యా, ఇప్పుడు వాయిస్తంది?" అని ఎవరో అమాయకుడు క్లారినెట్టు వైపు చూపించి అడిగాడు. పానకంలో పుడక!

"పరీక్ష ముగిసినది. తదుపరి వాయించునది మండలి పరిధిలోనికి రాదు," అని ఆయన జీపెక్కారు.

అప్పుడు దిగాను కారు.

ఆ తర్వాత మా జిల్లాలో గుల్‌బహార్ బ్యాండుకి తిరుగులేదు. ప్రతి పెళ్లికీ మండలి వారు వస్తారు, రెండు చెవులకీ దొన్నెలు పెట్టుకుంటారు, అక్షరాలా సరిపోయిందని రాసుకుని వెళ్తారు. మాస్టారు మాత్రం తన జబ్బు ప్రకారం ఏ పూటకి తోచింది ఆ పూట వాయిస్తారు. మైకుసెట్టు ఆసామి మళ్లీ మైకులు కట్టుకుంటున్నాడు. తాతారావు గారు రాజీనామా చేసి పెసర చేను చూసుకుంటున్నారు. వాళ్లావిడ మళ్లీ మామూలుగా మాట్లాడుతోందట. మా పెళ్లి ఎదురుకోలుకి కేసెట్టే లేదు. లేదు కాబట్టి అదే అన్నిటికంటే గొప్పదని మా మామగారు కొత్త పార్టీ పెట్టారు. పోల్చడానికి రుజువు లేని పార్టీ, దాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు.

మొన్న సూర్యప్రకాశం గారి అమ్మాయి పెళ్లి జరిగింది. బ్యాండు మాస్టారిదే. పిలవని పేరంటానికి మేమంతా వెళ్లాం, ఈసారి ఒక్కరూ టేపు రికార్డరు మరిచిపోలేదు. ఆడపెళ్లివారి పెద్దగా ఆయన పట్టుపంచె కట్టుకుని, గంధం గిన్నె చేత్తో పట్టుకుని ఎదురు నిలబడ్డారు. చెవులకి దొన్నెలున్నాయి.

"ఈ ఒక్క పూటన్నా తీసేయండయ్యా, కూతురి పెళ్లి," అన్నారు మాస్టారు.

"నా ఇంట జరిగినంత మాత్రాన నిబంధన సడలింపునా?" అని ఆయన కేసెట్టు నొక్కి కళ్లు మూసుకున్నారు.

అప్పుడు సిలార్ మాస్టారు ఆయనకి ఎదురుగా నిలబడి ఆయన్నే బతిమాలారు. వినవయ్యా, ఒక్కసారి విను, నీ బిడ్డ పెళ్లి, మళ్లీ రాదు, అని ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్ని రకాలుగా చెప్పారు. చెరుకుపల్లి, కొల్లూరు, మా పెళ్లి, అన్నీ దాని ముందు దిగదుడుపే. నేనూ మా మామగారూ ఒకే మాట మీదికి రావడం జన్మలో అదే మొదటిసారి. అందరం కళ్లు తుడుచుకుంటుంటే ఆయన కూడా దొన్నెలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"నేను చెప్పలేదా," అన్నారు, "చెరుకుపల్లికి సాటి లేదు."

మాకు మనసొప్పలేదు. ఆ పెళ్లి కేసెట్టు ఒకటి, గంధం పక్క నిలబడి పట్టింది, మంచిది చూసి ఆయనకి కానుకగా పంపించాం. ప్రమాణానికి సరిపోలలేదని తిప్పి పంపారు.